సౌర ప్యానెళ్ల దక్షతను పెంచే స్టార్టప్‌లలో పెట్టుబడి: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో 2007లో మొదలైన ఆల్టా డివైసెస్ అనే స్టార్టప్, గాలియం ఆర్సెనైడ్ పలుచని పొరతో 28.8 శాతం దక్షత గల సౌర సెల్‌ను తయారుచేసింది. ఒకే సంధి, అంటే వెలుగును విద్యుత్తుగా మార్చే పొర ఒక్కటే, ఉన్న సెల్‌లలో అప్పటికి దాన్ని మించినది లేదు. వ్యవస్థాపకులుగా ఉన్న శాస్త్రవేత్తలు ఆ రంగంలో పెద్ద పేరున్నవారు. అయినా ఆ కంపెనీ 2014లో చైనాకు చెందిన హానర్జీ చేతికి వెళ్లి, కొన్నేళ్లకు మూతపడింది. సెల్‌లో లోపమేమీ లేదు. గాలియం ఆర్సెనైడ్ ఖరీదైన పదార్థం కావడం, అదే కాలంలో సిలికాన్ ప్యానెళ్ల ధర ఏటికేడు పడిపోవడం వల్ల, అంత మంచి సెల్‌కు ఉపగ్రహాలు, డ్రోన్‌ల వంటి చిన్న సంతలు తప్ప పెద్ద సంత దొరకలేదు.

ఈ రంగంలో డబ్బు పెట్టదలచినవారు ఆ ఉదంతాన్ని ఎప్పుడూ ఎదురుగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. స్టార్టప్ మనకు చూపించేది దక్షత శాతం. ప్యానెల్ కొనేవాడు చెల్లించేది మాత్రం పాతికేళ్లలో ఆ ప్యానెల్ ఇచ్చే మొత్తం విద్యుత్తుకు. ఈ రెండింటి మధ్య దూరాన్ని స్టార్టప్ ఎలా దాటుతుందో, దాటేలోపు దాని చేతిలో డబ్బు మిగులుతుందో లేదో తేల్చుకోవడమే మదుపరి పని. ఆ పనిని ఏ వరసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. వార్తల్లో దక్షతను కూడా సామర్థ్యమనే రాస్తుంటారు గానీ, ఈ వ్యాసంలో మీద పడిన వెలుగులో విద్యుత్తుగా మారే వంతును దక్షత అనీ, మొత్తం వాట్లను సామర్థ్యం అనీ అంటాను. ఈ తేడా చెరిగిపోతే లెక్కలన్నీ తారుమారవుతాయి.

మొదటి అడుగు: మీ సంచీ ఎంత, ఎన్నేళ్లు ఆగగలరు

కంపెనీల జాబితా పట్టుకునే ముందు సొంత సంచీ వైపు చూసుకోవాలి. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి 2010లో పుట్టిన ఆక్స్‌ఫర్డ్ పీవీ సంస్థ తన టాండెం ప్యానెళ్లను (ఒకదాని మీద ఒకటిగా రెండు పదార్థాల పొరలున్నవి) తొలిసారి వాణిజ్యపరంగా కొనుగోలుదారుకు పంపింది 2024లో. అంటే పధ్నాలుగేళ్లు పట్టింది. స్టార్టప్‌లలో మదుపు చేసే సాధారణ వెంచర్ ఫండ్ ఆయుష్షు పదేళ్లు. ఈ పొంతన కుదరకపోవడం వల్లనే 2006 నుంచి 2011 వరకు స్వచ్ఛ ఇంధన సాంకేతికతల్లోకి వచ్చిన 2,500 కోట్ల డాలర్లకు పైగా వెంచర్ పెట్టుబడిలో సగానికి మించి ఆవిరైపోయింది. ఆ పాఠం నేర్చుకున్నాకే బ్రేక్‌త్రూ ఎనర్జీ వెంచర్స్ వంటి ఫండ్‌లు ఇరవై ఏళ్ల గడువు పెట్టుకుని బయలుదేరాయి. కాబట్టి పదిహేనేళ్ల దాకా తిరిగి రాకపోయినా, అసలు పూర్తిగా పోయినా ఇల్లు కదలని మొత్తాన్నే ఇందుకు కేటాయించాలి.

డబ్బు పెట్టే దారులు నాలుగు. నేరుగా కంపెనీ వాటా కొనవచ్చు, అనుభవజ్ఞుడైన ఒకరి వెనుక కొందరు చేరి ఉమ్మడిగా పెట్టవచ్చు, వాతావరణ సాంకేతికతల ఫండ్‌లో చేరవచ్చు, లేదా ఇలాంటి స్టార్టప్‌లను కొనే పెద్ద కంపెనీల షేర్లను స్టాక్ మార్కెట్‌లో కొనవచ్చు. భౌతికశాస్త్రం, తయారీ రంగం తెలియనివారికి మొదటి దారి ఒంటరిగా వెళ్లవలసినది కాదు. స్టాక్ మార్కెట్‌లో నమోదుకాని కంపెనీలలో ఎవరు మదుపు చేయవచ్చు, ఎంతవరకు చేయవచ్చు అన్న నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి కనుక, ఏ దారి ఎంచుకున్నా సంతకానికి ముందు స్థానిక న్యాయ సలహాదారును సంప్రదించాలి. ఏ దారిలో వెళ్లినా మొత్తాన్ని మొదటి విడతలోనే పోయకుండా, దాదాపు సగాన్ని అదే కంపెనీల తర్వాతి విడతల కోసం పక్కన పెట్టుకోవాలి. దాని అవసరం ఏడో అడుగులో తెలుస్తుంది.

రెండో అడుగు: భౌతికశాస్త్రం వేసిన పైకప్పును తెలుసుకోవడం

1961లో విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే సంధి ఉన్న సౌర సెల్ ఎంత గొప్పగా తయారైనా దాటలేని హద్దును లెక్కగట్టారు. నేటి ప్రామాణిక సూర్యకాంతి వర్ణపటంతో ఆ లెక్క చేస్తే 33.7 శాతం వస్తుంది. సిలికాన్ స్వభావాన్ని బట్టి దాని హద్దు ఇంకా కిందనే, దాదాపు 29.4 శాతం వద్ద ఉంది. ఎదుటివారు ఒకే పొర సిలికాన్‌తో 32 శాతం సాధిస్తామని చెబితే, ఆ సంభాషణను మర్యాదగా అక్కడితో ముగించవచ్చు.

హద్దు ఎందుకు వచ్చిందో తెలిస్తే ఏ స్టార్టప్ ఏ నష్టాన్ని తగ్గించబోతోందో కూడా తెలుస్తుంది. సిలికాన్ సెల్ మీద పడిన శక్తిలో దాదాపు ఐదో వంతు, చాలినంత బలం లేని పరారుణ కిరణాల రూపంలో ఉపయోగపడకుండా దాటిపోతుంది. మరో మూడో వంతు, నీలం వంటి బలమైన కిరణాలలో అవసరానికి మించిన శక్తి వేడిగా మారడం వల్ల పోతుంది. ఈ రెండూ పదార్థం మారితే తప్ప మారవు. మిగిలిన చిన్నచిన్న నష్టాలు, అంటే ఉపరితలం మీద పరావర్తనం, ఎలక్ట్రాన్‌లు దారిలోనే తిరిగి కలిసిపోవడం, లోహపు గీతల నీడ, తీగల నిరోధం వంటివి ఇంజినీరింగ్‌తో తగ్గించగలిగినవి. 1954లో బెల్ ల్యాబ్స్ చేసిన తొలి ఆచరణయోగ్యమైన సిలికాన్ సెల్ దక్షత 6 శాతమే. అక్కడి నుంచి నేడు ప్రయోగశాలలో 27 శాతం దాటేదాకా సిలికాన్ చేసిన ప్రయాణమంతా ఈ చిన్న నష్టాలను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చినదే. ఇక అందులో పిండగలిగింది కొద్దిగానే మిగిలింది.

అందువల్ల నేడు ఈ రంగంలో డబ్బు అడిగే స్టార్టప్‌లు మూడు గుంపులుగా కనిపిస్తాయి.

మొదటి గుంపు సిలికాన్ మీద మరో పదార్థపు పొర వేసే టాండెం సెల్‌లది. పైపొర బలమైన కిరణాలను పట్టుకుంటే, కింది సిలికాన్ మిగిలినవాటిని పట్టుకుంటుంది. రెండు సంధులతో సైద్ధాంతిక హద్దు దాదాపు 45 శాతానికి పెరుగుతుంది. పైపొరకు ఎక్కువమంది వాడుతున్నది పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థం. 2009లో జపాన్‌లో త్సుతోము మియాసాకా బృందం దీనితో చేసిన సెల్ దక్షత 3.8 శాతం. 2025లో చైనా సిలికాన్ దిగ్గజం లోంజీ, పెరోవ్‌స్కైట్-సిలికాన్ టాండెంతో 34.85 శాతం నమోదు చేసింది. ఈ వాక్యంలో మదుపరి గమనించవలసింది అంకె కంటే ఎక్కువగా కంపెనీ పేరును. రికార్డు ఇప్పుడు స్టార్టప్‌ది కాదు, ప్రపంచంలోనే అతిపెద్ద సిలికాన్ తయారీదారుల్లో ఒకరిది. పెద్ద చేప నిద్రపోతుండగా చిన్న చేప చెరువు దాటేస్తుందన్న కథ ఇక్కడ చెల్లదు.

రెండో గుంపు ఉన్న సిలికాన్ సెల్‌నే మెరుగుపరిచేది. ఉదాహరణకు సెల్ మీద కరెంటును సేకరించే సన్నని గీతలను వెండి పేస్టుతో ముద్రిస్తారు. ప్రపంచంలో పరిశ్రమలు వాడే వెండిలో సౌర రంగానిది పెద్ద వాటా కావడంతో, వెండికి బదులు రాగిని పూసే పద్ధతుల మీద ఆస్ట్రేలియాకు చెందిన సన్‌డ్రైవ్ వంటి సంస్థలు పనిచేస్తున్నాయి. రాగి చవక, విద్యుత్తును బాగా మోస్తుంది, కానీ సిలికాన్‌లోకి ఇంకితే సెల్‌ను పాడుచేస్తుంది, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఈ గుంపులో దక్షత పెరిగేది కొద్దిగా, ఖర్చు తగ్గేది ఎక్కువగా ఉంటుంది. నా లెక్కలో ఇదే మంచి గుణం, ఎందుకంటే కొత్త పదార్థం పాతికేళ్లు మన్నుతుందా అన్న పెద్ద ప్రశ్న దీనికి అంతగా అడ్డు రాదు.

మూడో గుంపు ప్యానెల్ చుట్టూ పనిచేసేది. ఒక్కో ప్యానెల్‌కు విడిగా ఇన్వర్టర్, దుమ్ము పట్టని పూత, సూర్యుడి వెంట తిరిగే అమరిక, వేడి తగ్గించే ఉపాయం వంటివి ఇందులో వస్తాయి. వీటిని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, 2006లో మొదలై ఇన్వర్టర్లు చేసే ఎన్‌ఫేజ్, సోలార్‌ఎడ్జ్ కంపెనీలు సెల్‌ను ముట్టుకోకుండానే వరసగా 2012లో, 2015లో స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయన్న సంగతి మరిచిపోకూడదు. సెల్ దక్షతను పెంచకపోయినా, ఉన్న దక్షత వృథా పోకుండా చూసి కూడా లాభాల ముఖం చూడవచ్చని అవి చూపించాయి.

మూడో అడుగు: శాతాన్ని పత్రంలో చదవడం

ఇక స్టార్టప్ ఇచ్చిన అంకెను పరిశీలించే పని. ప్రదర్శనలోని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించే శాతాన్ని పక్కనపెట్టి, ఆ శాతానికి ఆధారమైన ధ్రువపత్రాన్ని అడగాలి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ ఐఎస్ఈ, జపాన్‌లోని ఏఐఎస్‌టీ వంటి స్వతంత్ర కొలత కేంద్రాల పత్రం లేకపోతే, ఆ అంకెను వ్యవస్థాపకుల నమ్మకంగా భావించాలి తప్ప కొలతగా కాదు. పత్రం చేతికి వచ్చాక కింది విషయాలను ఆ వరసలోనే వెతకాలి.

ముందుగా విస్తీర్ణం. పత్రంలో ఒకచోట సెల్ విస్తీర్ణం 1 చదరపు సెంటీమీటరు అనో, అంతకంటే చిన్నగా 0.1 అనో రాసి ఉంటుంది. చిటికెన వేలి గోరంత ముక్క మీద సాధించినదాన్ని రెండు చదరపు మీటర్ల ప్యానెల్‌కు విస్తరించడం అసలు పని. ప్రయోగశాలలో పెరోవ్‌స్కైట్ ద్రావణాన్ని చుక్క వేసి గిరగిరా తిప్పితే పొర సమంగా పరుచుకుంటుంది. ప్యానెలంత గాజును అలా తిప్పలేరు. మార్టిన్ గ్రీన్ బృందం 1993 నుంచి వెలువరిస్తున్న దక్షత పట్టికల్లో చాలా విభాగాలకు కనీసం 1 చదరపు సెంటీమీటరు ఉండాలన్న నియమం పెట్టుకున్నది ఇందుకే. దాని పక్కనే, కొలిచింది మొత్తం విస్తీర్ణాన్నా లేక అంచులు, లోహపు గీతలు వదిలేసిన భాగాన్నా అన్నది కూడా చూడాలి. వదిలేసి కొలిస్తే అంకె ఊరికే పెరుగుతుంది.

తర్వాత కొలిచిన తీరు. పెరోవ్‌స్కైట్ సెల్‌కు వోల్టేజీని పెంచుతూ కొలిచినప్పుడు ఒక అంకె, తగ్గిస్తూ కొలిచినప్పుడు మరో అంకె వచ్చే అలవాటు ఉంది. రెండింటినీ ఇవ్వకుండా పెద్దదాన్నే ఇస్తే అది జాగ్రత్తపడవలసిన చోటు. గరిష్ఠ శక్తి దగ్గర కొన్ని నిమిషాలపాటు నిలకడగా ఇచ్చిన విలువే నమ్మదగినది.

చివరగా, కొలిచింది సెల్‌నా ప్యానెల్‌నా అన్నది. సెల్‌లను తీగలతో కలిపి, గాజు కింద అమర్చి, అంచులు మూసేసరికి కొంత దక్షత తగ్గడం అనివార్యం. ఆక్స్‌ఫర్డ్ పీవీ 2020 చివరలో ప్రయోగశాల సెల్‌తో 29.52 శాతం చూపించింది. అదే సంస్థ 2024లో కొనుగోలుదారుకు పంపిన ప్యానెల్ దక్షత 24.5 శాతం. నాలుగేళ్ల తర్వాత, అయిదు శాతం కింద. ఇది ఆ సంస్థ వైఫల్యమేమీ కాదు, ఈ రంగపు సహజ దూరం. మీ ముందున్న స్టార్టప్ తన ఆదాయ అంచనాలను ఏ అంకెతో వేసిందో చూడండి. సెల్ అంకెతో ప్యానెల్ అమ్మకాలను లెక్కగట్టి ఉంటే, అంచనాల పట్టిక మొత్తాన్ని తిరిగి రాయించాలి.

ఇంకొక్క మాట. ప్రామాణిక కొలతలన్నీ చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుగులో, సెల్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండగా చేసేవి. మండుటెండలో పైకప్పు మీది ప్యానెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే. డిగ్రీకి 0.35 శాతం చొప్పున కోల్పోయే సెల్ అక్కడ 14 శాతం శక్తిని పోగొట్టుకుంటే, 0.25 శాతం చొప్పున కోల్పోయేది 10 శాతమే పోగొట్టుకుంటుంది. పత్రం మీద దక్షతలో వెనుకబడినట్టు కనిపించే సెల్, ఎండలో ముందుండే సందర్భాలు ఇలా వస్తాయి.

నాలుగో అడుగు: మన్నికను పరీక్షించడం

టాండెం స్టార్టప్ అయితే, మదుపు నిలిచేదీ కూలేదీ ఈ అడుగు దగ్గరే. సిలికాన్ ప్యానెళ్లకు పాతికేళ్ల హామీ ఇవ్వడం పరిశ్రమలో ఆనవాయితీ. పెరోవ్‌స్కైట్ తేమకు, వేడికి, వెలుగుకు, వోల్టేజీకి కూడా లొంగే పదార్థం.

ఒక చిన్న లెక్క వేద్దాం. 22.5 శాతం దక్షతతో మొదలై ఏటా తొలిరోజు శక్తిలో 0.5 శాతం చొప్పున కోల్పోయే సిలికాన్ ప్యానెల్ ఒకటి, 25 శాతంతో మొదలై ఏటా తొలిరోజు శక్తిలో 2 శాతం చొప్పున కోల్పోయే కొత్త ప్యానెల్ ఒకటి పక్కపక్కన పెట్టామనుకుందాం. ఏడో ఏడు గడిచేలోపే కొత్తది పాతదానికంటే కిందికి దిగిపోతుంది. పాతికేళ్ల మొత్తం విద్యుత్తును కూడితే కొత్తది ఇచ్చేది 11 శాతం తక్కువ. మొదటి రోజున అది 11 శాతం ఎక్కువ ఇచ్చింది మరి. దక్షత గురించి గంట మాట్లాడి క్షీణత గురించి ఒక్క పేజీ చూపించే వ్యవస్థాపకులను ఎందుకు నిలదీయాలో ఈ రెండు పదకొండులు చెబుతాయి.

ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ప్యానెల్‌ను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచడం, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 సార్లు వేడెక్కించి చల్లార్చడం, వడగళ్ల దెబ్బకు గురిచేయడం వంటి పరీక్షలుంటాయి. ఇవి దాటకుండా అమ్మకం ఉండదు. దాటినంత మాత్రాన పాతికేళ్లు మన్నుతుందని రుజువైనట్టూ కాదు, ఎందుకంటే ఆ ప్రమాణం సిలికాన్ ప్యానెళ్లతో దశాబ్దాల అనుభవం నుంచి రూపుదిద్దుకున్నది. వేడి, తేమ పరీక్షను చీకట్లో చేస్తారు. పెరోవ్‌స్కైట్‌కు అసలు కష్టమేమో వెలుగు, వేడి ఒకేసారి తగిలినప్పుడు మొదలవుతుంది. అందుకే వెలుగులో, 65 లేదా 85 డిగ్రీల వద్ద, గరిష్ఠ శక్తి ఇస్తూ ఉండగా ఎన్ని గంటలకు శక్తి 80 శాతానికి పడిందో ప్రత్యేకంగా అడగాలి. ఆ పరీక్ష ఎన్ని నమూనాల మీద చేశారో, అందులో ఎన్ని మధ్యలో చచ్చిపోయాయో కూడా అడగాలి. అన్నింటికంటే బాగా పనిచేసిన ఒక్క నమూనా గీతను చూపించడం ఈ రంగంలో మామూలు విషయం. వెయ్యి గంటల పరీక్ష ఇరవై ఏళ్లకు సమానమని ఎవరైనా అంటే, ఆ మార్పిడి ఏ లెక్కతో చేశారో, క్షీణతకు కారణమైన రసాయన చర్య ఏదో చెప్పమనండి. అది చెప్పలేకపోతే సమానత్వం మాట గాలి మాటే.

వీటన్నిటికంటే నాకు విలువైనది ఆరుబయట కొలత. వేడి ఎక్కువ, తేమ ఎక్కువ ఉన్న చోట ఒక సిలికాన్ ప్యానెల్ పక్కన వారి ప్యానెల్ కనీసం ఏడాది పాటు పనిచేసిన రోజువారీ లెక్క చేతికొస్తే, అది వంద పేజీల ప్రదర్శనకు సమానం.

అయిదో అడుగు: దక్షతను ఖర్చులోకి మార్చడం

రెండు చదరపు మీటర్ల ప్యానెల్ 22.5 శాతం దక్షతతో 450 వాట్లు ఇస్తుంది, 25 శాతంతో 500 వాట్లు ఇస్తుంది. ఒక మెగావాట్ కేంద్రానికి మొదటివి 2,222 కావాలి, రెండోవి 2,000 చాలు. 222 ప్యానెళ్లు తగ్గడమంటే వాటి కింద చట్రాలు, తీగలు, బిగించే కూలి, స్థలం తగ్గడం. దక్షతకు విలువ వచ్చేది ఈ తగ్గుదల నుంచే.

మొత్తం కేంద్రం ఖర్చును 100 అనుకుని, అందులో ప్యానెళ్లది 30, విస్తీర్ణంతో పాటు పెరిగే ఖర్చు 35, ఇన్వర్టర్లు, అనుమతులు, గ్రిడ్ అనుసంధానం వంటివి 35 అని ఉదాహరణకు తీసుకుందాం. దక్షత పైన చెప్పినంత పెరిగితే విస్తీర్ణపు ఖర్చు పదో వంతు, అంటే 3.5 తగ్గుతుంది. కాబట్టి కొనేవాడు కొత్త ప్యానెల్‌కు 30 బదులు గరిష్ఠంగా 33.5 ఇవ్వగలడు. వాటుకు దాదాపు 12 శాతం అధిక ధర. సిలికాన్ ప్యానెల్ కంటే స్టార్టప్‌కు అదనంగా అయ్యే తయారీ ఖర్చు, అదనపు లాభం, హామీ కోసం పక్కనపెట్టే అదనపు నిధి అన్నీ ఆ 12 శాతంలో ఇమడాలి. ఈ లెక్కలో పైకప్పుల వంటి ఇరుకు చోట్లకు విస్తీర్ణపు వాటా ఎక్కువ కనుక దక్షతకు ఎక్కువ విలువ వస్తుంది, చవక భూమి మీద పెద్ద కేంద్రాలకు తక్కువ వస్తుంది. మీ స్టార్టప్ ఎవరికి అమ్మబోతోందో అడిగి, ఆ కొనుగోలుదారు లెక్కలోకి ఈ అంకెలను మార్చి చూడాలి.

ఇక్కడ మరో మెలిక ఉంది. ఆ 30 స్థిరంగా ఉండదు. ప్రపంచంలో అప్పటిదాకా అమ్ముడైన ప్యానెళ్ల మొత్తం రెట్టింపైన ప్రతిసారీ ధర దాదాపు 20 శాతం తగ్గుతూ వస్తోంది. ప్యానెల్ చవకయ్యేకొద్దీ మిగిలిన ఖర్చుల వాటా పెరిగి దక్షతకు విలువ పెరుగుతుందన్నది నిజమే. కానీ పోటీ ధర కూడా అదే వేగంతో కిందికి పోతుంది. అందుకే నేటి సిలికాన్ ధరతో పోల్చిన పట్టికను అంగీకరించవద్దు. స్టార్టప్ కర్మాగారం నడిచే ఏటికి సిలికాన్ ధర నేటికంటే మూడో వంతు తగ్గినా, సిలికాన్ దక్షత ఒక శాతం పెరిగినా ఆ వ్యాపారం నిలుస్తుందా అని లెక్క వేయించాలి.

ఈ లెక్క వేయని కథకు సాలిండ్రా అనే అమెరికా స్టార్టప్ అందరికీ తెలిసిన ఉదాహరణ. సిలికాన్ సెల్‌లకు ముడిసరుకైన పాలిసిలికాన్ కిలో 400 డాలర్ల దాకా పలికిన 2008 రోజుల్లో, సిలికాన్ అవసరం లేని గొట్టాల ఆకారపు సెల్‌లు మెరుపు ఆలోచనగా కనిపించాయి. అమెరికా ప్రభుత్వం 53.5 కోట్ల డాలర్ల రుణానికి హామీ ఇచ్చింది. పాలిసిలికాన్ ధర కుప్పకూలింది. 2011 సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. దాని సాంకేతికత పనిచేసింది, పనిచేయనిది దానికి ఆధారమైన ధర.

ఆరో అడుగు: పైలట్ లైన్‌కు స్వయంగా వెళ్లడం

కాగితాల మీద తేలినవి అయిపోయాక పైలట్ లైన్‌కు, అంటే ప్రయోగాత్మకంగా చిన్న ఎత్తున తయారీ జరిగే చోటికి, వెళ్లాలి. చూడవలసింది మెరిసే యంత్రాలను కాదు, చెత్తబుట్టను. అంతకు ముందు వారం ఎన్ని సెల్‌లు మొదలుపెట్టారో, ఎన్ని అమ్మదగినవిగా బయటికి వచ్చాయో రోజు వారీ పుస్తకంలో చూపించమనండి. సగటు ఎంతో, ఒక సెల్‌కూ మరో సెల్‌కూ తేడా ఎంతో అడగండి. సగటు 26 ఉండి తేడా స్వల్పమైతే, ఒక్క సెల్ 31 ఇచ్చి మిగిలినవి ఎక్కడివక్కడ చెల్లాచెదురైన లైన్ కంటే అది ఎంతో మేలు. తయారైన ప్యానెల్‌లోకి చీకటి గదిలో కరెంటు పంపితే సెల్‌లు కంటికి కనబడని పరారుణ కాంతితో వెలుగుతాయి, ప్రత్యేక కెమెరాలో వాటిని చూడవచ్చు. పగుళ్లు ఉన్నచోట, అతుకు ఊడినచోట నల్లటి మచ్చలు కనిపిస్తాయి. యాదృచ్ఛికంగా మీరే ఎంచిన మూడు ప్యానెళ్లకు ఆ ఫొటో తీయించుకోండి. వారు ముందే సిద్ధం చేసినవాటికి కాదు.

యంత్రాలు ఎవరివో కూడా తెలుసుకోవాలి. సిలికాన్ కర్మాగారాల్లో ఉన్న లైన్‌కు రెండు మూడు యంత్రాలు కలిపితే సరిపోయే పద్ధతికి, మొత్తం కొత్త కర్మాగారం కట్టవలసిన పద్ధతికి మధ్య మదుపరి కోణంలో భూమ్యాకాశాల తేడా ఉంది. పెర్క్ అనే సెల్ నిర్మాణం 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పుట్టి, 2010లలో గానీ భారీ ఉత్పత్తిలోకి రాలేదు. వచ్చాక మాత్రం కొన్నేళ్లలోనే ప్రపంచమంతటా పాకింది, ఎందుకంటే ఉన్న లైన్‌కే కొద్ది మార్పులు చాలాయి. ఇంకా పైలట్ లైన్ నిలకడగా నడవని కంపెనీ గిగావాట్ కర్మాగారానికి శంకుస్థాపన చేస్తానంటే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతే గుర్తుకు రావాలి.

పేటెంట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మూలమైన పేటెంట్ విశ్వవిద్యాలయానిదైతే, స్టార్టప్‌కు ఇచ్చిన లైసెన్సు దానికొక్కదానికేనా, ఏయే దేశాలకు, ఎంతకాలానికి అన్నది ఒప్పందం చదివి తెలుసుకోవాలి. మంచి పేటెంట్ తానే ఆదాయం కావచ్చు. 2025లో చైనాకు చెందిన ట్రైనా సోలార్ అక్కడి మార్కెట్ కోసం ఆక్స్‌ఫర్డ్ పీవీ పేటెంట్లకు లైసెన్సు తీసుకుంది. జట్టులో భౌతికశాస్త్రవేత్తలు మాత్రమే ఉండి, కర్మాగారం నడిపిన మనిషి ఒక్కరూ లేకపోతే ఆ లోటును మీ డబ్బుతో పూడుస్తారని గుర్తించండి.

ఏడో అడుగు: షరతులు రాసుకోవడం

ఇంతదాకా నిలిచిన కంపెనీతోనే ధర మాట్లాడాలి. ఈ రంగంలో తయారీకి విడతలుగా చాలా డబ్బు కావాలి కనుక మీ వాటా పలచబడడం ఖాయం. ఇవాళ 2 శాతం కొన్నారనుకోండి. తర్వాతి మూడు విడతల్లో ప్రతిసారీ 20 శాతం కొత్త వాటాలు అమ్మితే మీకు మిగిలేది 1 శాతం కంటే కాస్త ఎక్కువ. కాబట్టి తర్వాతి విడతల్లో మీ నిష్పత్తి మేరకు కొనుక్కునే హక్కును ఒప్పందంలో రాయించుకోవాలి. మొదటి అడుగులో సగం డబ్బు పక్కన పెట్టమన్నది ఇందుకే.

కంపెనీని అమ్మేసినప్పుడు ఎవరి డబ్బు ముందు వెనక్కి వస్తుందో మరింత శ్రద్ధగా చదవాలి. వివిధ విడతల్లో మొత్తం 100 వచ్చి, ఆ మదుపరులందరికీ తమ అసలును ముందుగా తీసుకునే హక్కు ఉండి, కంపెనీ 80కి అమ్ముడుపోతే సాధారణ వాటాదారులకు పైసా రాదు. చివరి విడతవారికి మిగిలిన అందరికంటే ముందు వరస ఉంటే తొలి మదుపరులకూ అదే గతి పట్టవచ్చు. సౌర రంగంలో చాలా నిష్క్రమణలు, అంటే మదుపరులు వాటా అమ్ముకుని బయటపడే సందర్భాలు, పెద్ద తయారీదారులు కంపెనీని కొనుక్కోవడం రూపంలోనే ఉంటాయి. 2023లో అమెరికాకు చెందిన ఫస్ట్ సోలార్ స్వీడన్‌లోని పెరోవ్‌స్కైట్ సంస్థ ఎవోలార్‌ను కొన్నట్టుగా. కాబట్టి ఈ వరసే మీ లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

కుదిరితే డబ్బును మైలురాళ్లకు ముడిపెట్టాలి. మైలురాయిని దక్షత శాతంగా మాత్రం రాయవద్దు. అలా రాస్తే జట్టంతా ఒక్క రికార్డు సెల్ వెంటపడుతుంది. పూర్తి పరిమాణపు ప్యానెల్ ఐఈసీ పరీక్షలు దాటడం, పైలట్ లైన్‌లో వరసగా మూడు నెలలు అమ్మదగిన సెల్‌ల వంతు ముందే అనుకున్న గీత పైన నిలవడం, ఒక స్వతంత్ర కొనుగోలుదారు తన సొంత డబ్బుతో కొని ఆరుబయట పెట్టడం వంటివి రాసుకోవాలి.

ఎనిమిదో అడుగు: సంతకం తర్వాత

ప్రతి మూడు నెలలకూ వచ్చే నివేదికలో పత్రికా ప్రకటనల కత్తిరింపులను దాటుకుని మూడు అంకెలు వెతకండి. చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది, లైన్‌లో అమ్మదగిన సెల్‌ల వంతు ఎంత, ఆరుబయట పెట్టిన అతిపాత ప్యానెల్ ఇప్పుడు మొదటి రోజు శక్తిలో ఎంత ఇస్తోంది. మూడో అంకెకు జవాబుగా కొత్త రికార్డు సెల్ ఫొటో వచ్చిందంటే, ఫోన్ తీసి ఆ ప్యానెల్ ఏమైందని అడగండి. తర్వాతి విడతలో పాల్గొనాలా వద్దా అన్నది ఆ ఫోన్‌లో వచ్చే జవాబును బట్టి తేల్చుకోవచ్చు.